చేపల ఊపిరి లెక్కపెట్టిన అక్క

ఈమధ్య పులికాట్ సరస్సు ఒడ్డున ఒక ఊరికి మా స్త్రీల సమాజం కూటానికి వెళ్ళాను. కూటం ముగిసి బస్సు కోసం నిలబడి ఉంటే, ఇద్దరు అమ్మాయిలు పడవలోంచి వంగి ఒక కడ్డీని నీళ్ళలో ముంచుతున్నారు. దాని తలమీద చిన్న అద్దం ఉంది, అందులో అంకె వెలిగింది. ఏంటమ్మా అది అని అడిగాను. నీళ్ళలో ఉప్పెంత ఉందో చెబుతుందండీ అన్నారు. దగ్గరికి తెచ్చి మర్యాదగా చూపించారు కూడా. నా మనసు మాత్రం ఆ అద్దం మీద లేదు. చూపుడువేలు నీళ్ళలో ముంచి, నాలుక కొసకు తాకించుకుని, కళ్ళు మూసుకుని, "నిన్నటికంటే ఎక్కువ" అనే ఒక మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆమె ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. పేరు రాయను. నేను ఆమెను అక్కా అనే పిలిచాను, అక్క అనే రాస్తాను.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. మా నాన్న దొరవారిసత్రానికి దిగువన, సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న సంఘానికి ఉపదేశి. మాకు గుడి, బడి ఒకటే కట్టడం. వారమంతా పిల్లలు ఎక్కాలు చదివే చోటే ఆదివారం కీర్తనలు పాడేవాళ్ళం. నేను ఆ బడిలో కొత్తగా పంతులమ్మనయ్యాను. వేసవి సెలవులు మొదలైన వారంలోనే ఒక ఎద్దులబండి వచ్చి గుడి ముందు ఆగింది. బండి నిండా వరిగడ్డి, గడ్డిలో పొదిగిన గాజు సీసాలు, వెడల్పు మూతుల మట్టి బానలు. వాటి మధ్య గొడుగు పట్టుకుని ఆమె. గొడుగు ఆమె మీద లేదు, సీసాల మీద ఉంది.

మనుబోలు వైపు వరి పండించే వాళ్ళ అమ్మాయి. విశ్వవిద్యాలయంలో చేపల మీద పరిశోధన చేస్తోంది. సెలవుల్లో బడి వసారా వాడుకోవడానికి అనుమతి పత్రం తెచ్చుకుంది. మా నాన్న దాన్ని చదివి, మడిచి, "చేపల మీద పరిశోధించేదానికి ఏముండాదమ్మా? పట్టేది, పులుసు పెట్టేది. అంతే గదా?" అన్నాడు.

"ఆ రెండిటికీ ముందు అవి బతకాల గదయ్యా," అంది ఆమె.

మా నాన్నకు అప్పటినుంచే ఆమె నచ్చింది.

ఆమె పని ఇది. ఎండాకాలంలో సముద్రం నుంచి సరస్సులోకి నీళ్ళొచ్చే మొగ ఇసకతో పూడుకుపోతుంది. కొత్త నీళ్ళు రావు. ఉన్న నీళ్ళు ఎండకు ఇగిరి, కాగి, ఉప్పు చిక్కబడుతుంది. ఆ ఉప్పును, ఆ వేడిని పిల్లచేపలు ఎంతదాకా ఓర్చుకుంటాయి? ఓర్చుకోలేని సమయం దగ్గరపడుతోందని ముందుగా ఎలా తెలుస్తుంది? అంతకుముందు ఏడాది సరస్సు చేపలను డబ్బాల్లో పట్టుకుపోయి విశ్వవిద్యాలయంలో పెంచబోయిందట. రైల్లోనే అన్నీ చచ్చిపోయాయి. ఆ ఏడు వృథా అయింది. ఈ వేసవి ముగిసేలోగా ఏదో ఒక ఫలితం చూపించకపోతే పరిశోధన మానుకుని ఇంటికి పొమ్మని ప్రొఫెసరుగారు తేల్చి చెప్పారట. అందుకని ఈసారి చేపలను తన దగ్గరికి తెచ్చుకోకుండా తనే చేపల దగ్గరికి వచ్చింది.

వసారాలో బానలు వరసగా పెట్టింది. వాటిలో పాలబొంత పిల్లలు, వేలెడు పొడుగున వెండి తునకల్లాంటివి. మొదటి బానలో సరస్సు నీళ్ళే. తర్వాతి బానల్లో రోజుకు కాస్త కాస్తగా ఉప్పు పెంచుతూ పోయేది. చివరి బానలో అన్నిటికంటే ఎక్కువ. కొన్నాళ్ళకు ఆ మట్టి బానల వెలుపల గోడలకు తెల్లగా ఉప్పు పూసింది. ఏ బానలో కష్టం ఎక్కువో దూరం నుంచి చూసినా తెలిసిపోయేది.

సీసాల్లో మందు చుక్కలు వేసి ఉప్పును కచ్చితంగా కొలిచేది. కానీ కొలిచే ముందు ప్రతిసారీ నాలుకతో రుచి చూసి ఒక అంకె అనేది. లెక్క దానికి దగ్గరగా వస్తే తనలో తను నవ్వుకునేది. తప్పితే నాలుక బయటపెట్టి నాకు చూపించి, "ఈ పొద్దు దీనికి పొగరెక్కింది" అనేది. ఆమె చేతి గడియారం వాళ్ళ నాయనది. పట్టీ వదులై మోచేతి దాకా జారేది. దాన్ని పైకి నెట్టుకోవడం, కొంగు బొడ్లో దోపుకోవడం, బాన ముందు గొంతుక్కూర్చోవడం, ఇవి మూడూ కలిసి ఒకే కదలికలా ఉండేవి.

అలా కూర్చుని చేప మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టేది. అదే ఆమెకు ముఖ్యమైన గుర్తు. కష్టం పెరిగేకొద్దీ మొప్పలు తొందర తొందరగా కొట్టుకుంటాయి. లెక్కపెడుతూ ఉంటే ఆమె ఊపిరి కూడా ఆ చేపతో కలిసిపోయేది. పెదవులు కదిలేవి, కళ్ళు బానలోనే ఉండేవి, చుట్టూ ఏం జరుగుతున్నా తెలిసేది కాదు. మొదటి రోజు మా నాన్న చూసి, నన్ను చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయి, "ప్రార్థన చేసుకుంటా ఉండాది, కదిలించబాక" అన్నాడు. అది ప్రార్థన కాదని తర్వాత తెలిసినా, ఆమె లెక్కపెట్టేటప్పుడు ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకునే వసారా దాటేవాడు.

వాళ్ళిద్దరికీ తగాదా ఒక్కటే, ఆదివారం గురించి. విశ్రాంతిదినాన గుడి ఆవరణలో పని చేయకూడదని నాన్న అన్నాడు.

"చేపలు ఆదివారం కూడా ఊపిరి పీలుస్తాయి గదయ్యా," అంది ఆమె.

"పీల్చనీ. నువ్వు లెక్కపెట్టబాక."

"గుంటలో పడిన గొర్రెను ఆదివారం తియ్యొచ్చని మీరే గదా మొన్న చెప్పింది?"

నాన్న చాలాసేపు ఆలోచించాడు. ఆయనకు వాక్యంతో జవాబు చెప్పినవాళ్ళను ఊరికే తోసిపుచ్చడం చేతకాదు. చివరికి, ఉదయం ఆరాధనకు ముందు ఒకసారి లెక్కపెట్టుకోవచ్చు, ఆ తర్వాత ఆరాధనకు వచ్చి కూర్చోవాలి అని ఒప్పందమైంది. ఆమె మాట తప్పలేదు. ఆడవాళ్ళ వైపు చివర, వసారా కనబడే గుమ్మం దగ్గర కూర్చునేది.

మా సంఘంలో అందరూ వల వేసేవాళ్ళే. వాళ్ళకు ఆమె పెద్ద వేడుక. సంఘపెద్ద యాకోబు మామ రోజూ వల భుజాన వేసుకుని పోతూ ఆగేవాడు.

"ఏమ్మా, చేపలకు ఒకటో తరగతి అయిపోయిందా?"

"అయిపోయింది మామా. మీ వలలోకి ఎట్టా పడకూడదో చెప్తా ఉండా."

"చెప్పు చెప్పు. నీ శిష్యుల్నే ముందు పడతా."

చేపల పులుసు ఆమెకు చాలా ఇష్టం. మా అమ్మ వండితే గిన్నె అడుగుదాకా తుడుచుకుని తినేది. అయితే బానలో చచ్చిపోయిన దాన్ని మాత్రం ఎవరు వండబోయినా ఒప్పుకునేది కాదు. "నేను లెక్కపెట్టినోళ్ళను తినలేను" అని, గుడి వెనక ఇసకలో పూడ్చి వచ్చేది. ఎవరైనా ఏదైనా గట్టిగా వాదిస్తే ఆమె దగ్గర ఒకే మాట ఉండేది. "మనం అనుకుంటే చాలదు. వాళ్ళను అడగాల." వాళ్ళంటే చేపలు.

ఆ వేసవిలో ఎక్కువ రోజులు ఆమెకు తోడు నేను కాదు, రాహేలవ్వ. అవ్వ ఒంటరి మనిషి. గుడి ఊడ్చేది, దీపం తుడిచేది. ఊడ్చడం అయ్యాక బానల దగ్గర చేరి బుగ్గన చెయ్యి పెట్టుకుని చూసేది. చివరి బానల్లో చేపలు నీటి మీదికి వచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకునేవి.

"అట్టా నోరు తెరుస్తా ఉండాయేందమ్మా?"

"ఉప్పు ఎక్కువైందవ్వా. అందుకని."

"మరి తియ్యరాదా?"

"ఎంత ఓర్చుకుంటాయో తెలుసుకోవాల గదా."

"ఓర్చుకునేదాన్ని ఇంకా ఓర్చుకోమంటే ఎట్టామ్మా?" అని అవ్వ లేచిపోయేది. మళ్ళీ మరునాడు వచ్చి అక్కడే కూర్చునేది.

మా సంఘానికి నీళ్ళ ఆదివారం అని ఒకటి ఉండేది. ఇంకెక్కడా చూడలేదు. ఎండలు బాగా ముదిరాక, ఇంటికొక చెంబు మంచినీళ్ళు కానుకగా తెచ్చి బల్ల పక్కన పెట్టిన కాగులో పోయాలి. ఆరాధన అయ్యాక ఆ నీళ్ళను బాట పక్కన పెట్టుకుని, ఉప్పు కొటార్లకు పోయే కూలీలకూ బండ్లవాళ్ళకూ పోస్తాం. ఊళ్ళో తాగే నీళ్ళు అప్పుడు ఇసకలో తవ్విన చెలమలో ఊరేవే. ఆడవాళ్ళు చిప్పతో తోడుకుంటూ కూర్చుంటే పొద్దెక్కేసరికి ఒక కడవ నిండేది. అందుకే అది చిన్న కానుక కాదు.

ఆ ఏటి నీళ్ళ ఆదివారాన నాన్న దాహం గురించే ప్రసంగించాడు. దాహమైనవాడు మనవాడా పరాయివాడా అని చూడొద్దన్నాడు. అడగగలిగిన వాడికంటే నోరు తెరిచి అడగలేని వాడికి ముందు పొయ్యమన్నాడు. మంచి ప్రసంగం. అక్క కూడా తల వంచుకుని శ్రద్ధగా విన్నది. ఆ రోజు జనం ఎక్కువై గుమ్మం నిండిపోవడంతో ఆమె లోపలికి జరిగి కూర్చుంది.

ఆశీర్వాదం అయ్యాక బయటికి వచ్చి చూస్తే, వసారాలో రాహేలవ్వ ఖాళీ కడవ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. బానల చుట్టూ నేల తడిసి ఉంది. అవ్వ ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

"అడగలేనోళ్ళకు ముందు పొయ్యమన్నాడు గదమ్మా అయ్యగారు. పోసినా," అంది.

అక్క ఒక్కొక్క బాన దగ్గరా వంగింది. వేలు ముంచి నాలుకకు తాకించుకుంది. చివరి బాన దాకా వెళ్ళింది. ఏ అంకే అనలేదు.

"ఎంత పోసినావవ్వా?"

"ఎంతేంది, ఉండేదంతా పోసినా. చివర ఉండాయే, వాటికి ఎక్కువ పోసినా. నాకు కూడా పెట్టుకోలా."

అక్క అవ్వ చేతిలోని కడవ అందుకుని కింద పెట్టింది. "నువ్వు ఎండలో ఉండబాకవ్వా. లోపలికి పోయి కూర్చో," అంది. గొంతు ఎప్పటిలాగే ఉంది. ఆ తర్వాత ఒడ్డు వైపు నడిచి పోయింది.

యాకోబు మామకు సంగతి అర్థమైంది. నాతో పాటు ఆమె వెనకే వచ్చాడు. ఆయన ఎగతాళి ఆపేసి, నిజంగా సాయం చేయాలనే అన్నాడు. "దీనికింత దిగులెందుకమ్మా? నీళ్ళు పొయ్యకముందు ఎట్టా ఉండాయో నీకు తెల్సు. మళ్ళీ అట్టా ఉప్పు కలుపుకో. మధ్యలో పోయిన రోజులకు అంకెలు నువ్వే రాసేసుకో. చేపలొచ్చి సాక్ష్యం చెప్తాయా?"

"చెప్పవు మామా. అందుకే వాళ్ళమీద అబద్ధం రాయకూడదు," అంది.

ఆయన వెళ్ళిపోయాడు. మేమిద్దరం మిగిలాం. సరస్సు చాలా వెనక్కి పోయి, మధ్యలో బురద పగుళ్ళిచ్చి ఉంది.

"మళ్ళీ మొదటినుంచి చేసేదానికి రోజుల్లేవు చెల్లీ. వానలొస్తే ఈ నీళ్ళు వేరైపోతాయి. నా చదువు అయిపోయినట్టే," అంది.

"అవ్వమీద కోపంగా ఉండాదా అక్కా?"

"ఆమె ఏం చేసింది? తాగే నీళ్ళు పోసింది. నా చేపలకు అంత కానుక ఎవరిస్తారు?" నవ్వబోయి ఏడ్చింది.

నేను ప్రార్థన చేస్తానన్నాను. అప్పుడు నాకు చేతనయింది అదే. ఇప్పుడైనా నాకు చేతనయింది అదే. ఆమె కాదనలేదు. "చెయ్యి. కానీ ఏమని అడుగుతావు? పోసిన నీళ్ళు వెనక్కి తియ్యమనా?" అంది. నేను ఏమని అడగాలో తెలియక, అక్కకు దారి చూపించు తండ్రీ అని మాత్రం అడిగాను.

మరునాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె బాన ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఇక లెక్క అవసరం లేకపోయినా అలవాటు ఆమెను అక్కడికి తెచ్చినట్టుంది. పెదవులు కదులుతున్నాయి. ఒక బాన అయ్యాక ఇంకొక బాన. చాలాసేపటికి తలెత్తి, "చెల్లీ, ఇట్టా రా," అంది.

చివరి బానలో చాలావరకు చచ్చిపోయి ఉన్నాయి. అంత ఉప్పు నుంచి ఒక్కసారిగా మంచినీళ్ళలోకి రావడం తట్టుకోలేకపోయాయి. దాని ముందు బానల్లోవి మాత్రం అడుగుకు దిగి, నెమ్మదిగా తిరుగుతున్నాయి. ముందు రోజు నోళ్ళు తెరుచుకుని పైన కొట్టుకున్నవే. మొప్పలు నిదానంగా, మొదటి బానలోని వాటిలాగే ఆడుతున్నాయి.

"ఎంతదాకా ఓర్చుకుంటాయని ఇన్నాళ్ళూ అడిగినా," అంది అక్క. "చచ్చేదాకా అడిగినా. ఎంతదూరం పోయినాక కూడా తిరిగి రాగలరని ఒక్కనాడు కూడా అడగలా."

మేము గుడిలో ప్రతి వారం చెప్పుకునేది అదే కదా, ఎంతదూరం పోయినవాడైనా తిరిగి రావడం గురించి. ఆ మాటే అన్నాను. మృతుల పునరుత్థానం దాకా వెళ్ళిపోయాను. ఆమె ఓపికగా విని, "వీళ్ళు చచ్చి లేవలా చెల్లీ. చావబోయి ఆగినారు. రెంటికీ తేడా ఉండాది. నన్ను ఆ తేడాలోనే ఉండనీ," అంది. అప్పుడు నేను కాస్త నొచ్చుకున్నాను. తర్వాత ఎన్నో ఏళ్ళు సంఘంలో పనిచేసి, చావబోయి ఆగిన మనుషులను ఎందరినో చూశాక, ఆ తేడాలో కూడా ప్రభువుకు బోలెడు పని ఉందని తెలుసుకున్నాను.

కొత్త ప్రశ్నకు కొత్త పని కావాలి. ఉప్పు పెంచాలి, ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగాలి, అక్కడినుంచి నెమ్మదిగా మంచినీళ్ళు కలుపుతూ వెనక్కి తేవాలి. రోజులు తక్కువే, అయినా ఈ పనికి ఒకవేళ సరిపోవచ్చు. లేనిది మంచినీళ్ళు. ఊళ్ళో మనుషులకే చాలడం లేదు.

ఆ వచ్చే ఆదివారం, ప్రకటనల సమయంలో, అక్క లేచి నిలబడింది. మా గుడిలో ఆడవాళ్ళు ఆ సమయంలో మాట్లాడే అలవాటు లేదు. పైగా ఆమె మా విశ్వాసి కాదు. నాన్న తల ఊపాడు.

"నాకు రోజూ ఒక కడవ మంచినీళ్ళు కావాల," అంది. "చేపలకు."

ఎవరో నవ్వారు. యాకోబు మామ నవ్వలేదు. "మనుషులు నాలుక తడుపుకునేదానికే లేవు తల్లీ. దీంతో మాకేం ఒరిగేది?" అన్నాడు.

"ఈ ఏడు ఏమీ లేదు మామా. మొగ పూడినాక చేపలు ఎన్నాళ్ళు ఆగగలవో, మొగ ఎప్పటిలోగా తవ్వితే తిరిగి తేరుకుంటాయో, అది తెలిస్తే మీరు ముందే పారలు పట్టుకోవచ్చు. తెలుస్తాదని మాట ఇవ్వలేను. నేను అనుకుంటే చాలదు, వాళ్ళను అడగాల."

రాహేలవ్వ లేచింది. "నేను పోసి చెడగొట్టినా గదా. నా వంతు నేను తెస్తా," అంది. ఆ తర్వాత ఒకామె సగం కడవ అంది. ఇంకొకామె, మా ఇంటిది వారానికి రెండుసార్లు అంది. మగవాళ్ళు ఏమీ అనలేదు, ఎందుకంటే చెలమలో చిప్పతో తోడేది వాళ్ళు కాదు.

ఆ నెల మా వసారా జాతరలా ఉండేది. ఆడవాళ్ళు నీళ్ళు తెచ్చి పోసి వెంటనే పోయేవాళ్ళు కాదు. తమ నీళ్ళు ఏ బానలోకి పోయాయో చూసుకునేవాళ్ళు. అక్క గాజు గొట్టంతో కొలిచి ఇస్తే అవ్వ తన చేత్తో పోసేది.

"చాలవ్వా."

"ఇంకొంచెం పొయ్యనీమ్మా."

"వద్దు. మెల్లగా రావాల. తొందరపెడితే పోతారు."

"నీకంటే నేను మెల్లగా పోస్తా ఉండా. చెయ్యి తియ్యి."

వేసవి ముగిసే రోజుల్లో ప్రొఫెసరుగారు వచ్చారు. సూళ్ళూరుపేటలో రైలు దిగి, బండిమీద ఎండలో వచ్చిన మనిషి. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. అక్క మజ్జిగ ఇచ్చి, ఆయన తాగడం పూర్తికాకముందే జరిగిందంతా చెప్పేసింది. నీళ్ళ ఆదివారం, కడవ, పాడైపోయిన రోజులు, ఏదీ దాచలేదు. గుడి గోడ వెంట ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అవ్వ అందరికంటే వెనక, తలమీద కొంగు ముఖం మీదికి లాక్కుని ఉంది.

"ఇది మనం అనుకున్న పని కాదు," అన్నారాయన.

"కాదండీ."

"పాత పనికి ఫలితం లేదు. కొత్తది సగంలో ఉంది."

"అవునండీ."

ఆయన ముక్కాలిపీట లాక్కుని ఒక బాన ముందు కూర్చున్నారు. అందులో ఒక పిల్లచేప పైకి వచ్చి నోరు తెరుస్తోంది. అక్క కొలిచి ఇచ్చిన నీళ్ళను అవ్వ కొంచెం పోసింది. కాసేపాగి ఇంకొంచెం. పొద్దు నడినెత్తికి వచ్చింది. మా అమ్మ భోజనానికి పిలిస్తే ఆయన చెయ్యెత్తి వారించారు. ఆ చేప మెల్లగా నీటి మధ్యకు దిగింది. నోరు మూసుకుంది. మొప్పలు నిదానించాయి. ఆయన గడియారం చూడటం మానేసి, చేపనే చూస్తూ ఉండిపోయారు. ఆయన ఛాతీ కూడా చేపతో పాటు ఆడుతోందని నేను గమనించాను.

చివరికి పీట మీదినుంచి లేవకుండానే, "ఇది ఒక్క వేసవిలో తేలేది కాదు. ఇంకొక వేసవి కావాలి నీకు," అన్నారు.

అక్క గడియారాన్ని పైకి నెట్టుకుంది, అది జారకపోయినా.

"నేను విశ్వవిద్యాలయంలో మాట్లాడి చూస్తాను. వాళ్ళు ఒప్పుకుంటారు, ఒప్పిస్తాను. మళ్ళీ ఏడాదికి ఏమేం కావాలో చెప్పు. సీసాలా, తొట్లా?"

"నీళ్ళండీ," అంది అక్క. "మంచినీళ్ళు."

ఆయన నొసలు ముడిచి, ఎండిపోయిన ఆ ఊరి వంక చూశారు. గోడ దగ్గర వల భుజాన వేసుకుని నిలబడ్డ యాకోబు మామ ముందుకు వచ్చాడు.

"ఆ సంగతి మాకొదిలెయ్యండయ్యా," అన్నాడు. "ఇంకో చెలమ తవ్వతాం."